సైన్స్ పార్కు కడితే ప్రాంతం ఎదుగుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ప్రాంతానికి ప్రధాన ఆధారం వ్యవసాయం. దాన్ని ఆనుకుని కొన్ని వందల చిన్న పరిశ్రమలు ఉన్నాయి. ఒక విశ్వవిద్యాలయమూ ఉంది గానీ, అక్కడ చదివినవారు పట్టా చేతికి రాగానే పెద్ద నగరాలకు వెళ్లిపోతున్నారు. ఇప్పుడు ప్రభుత్వం ఒక సైన్స్ పార్కు (పరిశోధన సంస్థలనూ సాంకేతిక పరిశ్రమలనూ ఒకచోట చేర్చే ప్రాంగణం), దానికి అనుబంధంగా అంకుర సంస్థల కేంద్రం కట్టడానికి నిధులిస్తానంటోంది. ప్రణాళికా సంఘం సభ్యులుగా మీరు దానికి ఒప్పుకోవాలా, వద్దా?

నిధులను వదులుకోకండి. కానీ మొదటి అయిదేళ్లూ వాటిని కట్టడాల మీద పెట్టనివ్వకండి. పరిశోధనశాలల నుంచి చిన్న పరిశ్రమలకు పరిజ్ఞానాన్ని చేరవేసే పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఏ పథకం నిలబడింది, ఏది కాగితాల మీదే ఆగిపోయింది అని దగ్గర నుంచి చూసిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. ఒక ప్రాంతంలో ఇప్పటికే సాగుతున్న ఉత్పత్తికి ఎక్కడ నష్టం వస్తోందో కనిపెట్టి, దాన్ని సరిచేసే మనుషులు అక్కడే నిలకడగా ఉన్నప్పుడే సైన్సు ఆ ప్రాంతపు ఆదాయాన్ని పెంచుతుంది. భవనాల అవసరం తరువాత వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అమెరికాలోని విస్కాన్సిన్. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అది గోధుమ పండించే రాష్ట్రం. ఏటా అదే పంట వేయడంతో నేల సారం తగ్గింది, పురుగు పట్టింది, పశ్చిమాన కొత్త భూముల నుంచి పోటీ పెరిగింది. రైతులు పాడి వైపు మళ్లారు. అయితే పాల వ్యాపారంలో ఒక చిక్కు వచ్చిపడింది. వెన్న తీసే కేంద్రాలు పాలను బరువు చూసి కొనేవి. నీళ్లు కలిపినవాడికీ, మీగడ తీసి పోసినవాడికీ, చిక్కటి పాలు పోసినవాడికీ అదే ధర. నిజాయతీగా పోసినవాడే నష్టపోయేవాడు. మంచి ఆవును పెంచితే ఏమి లాభమో ఎవరికీ తెలిసేది కాదు, ఎందుకంటే ఏది మంచి ఆవో తేల్చే కొలమానమే లేదు.

1890లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పరీక్ష రూపొందించాడు. ఒక సీసాలో కొలిచి పోసిన పాలలో గంధకామ్లం పోస్తే కొవ్వు తప్ప మిగతా ఘనపదార్థాలన్నీ కరిగిపోతాయి. ఆ సీసాను వేగంగా తిప్పి, వేడినీళ్లు పోస్తే కొవ్వు పైకి తేలి సన్నటి మెడలోకి చేరుతుంది. మెడ మీద గీతలు చూసి వెన్న శాతం చదవడమే. చదువు పెద్దగా లేని కేంద్రం ఉద్యోగి కూడా చేయగల పని అది. బాబ్‌కాక్ దానికి పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా వాడుకోవచ్చన్నాడు.

ఆ తరువాత జరిగినదే మీరు గమనించవలసింది. పాలకు వెన్న శాతాన్ని బట్టి ధర కట్టడం మొదలైంది. కల్తీ చేస్తే లాభం లేకుండా పోయింది. ఏ ఆవు మేతకు తగ్గ ఫలితం ఇవ్వడం లేదో రైతుకు తెలిసింది. అలాంటివాటిని వదిలించుకుని మంచి జాతులను పెంచడం మొదలుపెట్టాడు. అదే సంవత్సరం ఆ విశ్వవిద్యాలయం పాడి పరిశ్రమ పాఠశాల తెరిచింది. అక్కడ శిక్షణ పొందినవారు వెన్న, జున్ను కేంద్రాల్లోకి వెళ్లారు. విస్కాన్సిన్ అమెరికా పాడి పరిశ్రమకు కేంద్రంగా ఎదగడానికి ఇవన్నీ కలిసి పనిచేశాయి. ఆ సీసాలో ప్రపంచాన్ని అబ్బురపరిచే ఆవిష్కరణ ఏమీ లేదు. ఆ ప్రాంతంలో వేల మంది రోజూ చేసే లావాదేవీలో నమ్మకం కుదిర్చింది, అంతే. మీ పరిశ్రమల్లోనూ ఇలాంటి కొలత ఏదో ఒకటి లోపించి ఉంటుందని నాకు గట్టి అనుమానం. ధాన్యంలో తేమ కావచ్చు, లోహం గట్టిదనం కావచ్చు, రంగు నిలకడ కావచ్చు. కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ ఒప్పుకునే కొలత లేనిచోట నాణ్యతకు ధర పలకదు. ధర పలకని నాణ్యత కోసం ఎవరూ పెట్టుబడి పెట్టరు.

అలాగని అన్ని సమస్యలూ ఒక సీసాతో తీరవు. కొన్నింటికి లోతైన పరిశోధన, దీర్ఘకాలం కావాలి. బ్రెజిల్‌లోని సెరాడో మైదానాలు అలాంటివి. దాదాపు 20 కోట్ల హెక్టార్ల విస్తీర్ణం, చాలినంత వాన, కానీ నేల ఆమ్లగుణం వల్ల పంటకు పనికిరానిదిగా పేరుబడింది. మట్టిలో అల్యూమినియం వేళ్లను ఎదగనివ్వదు, భాస్వరం చాలదు. 1970ల తొలినాళ్లలో బ్రెజిల్ ఆహారం దిగుమతి చేసుకునే దేశం. 1973లో ఎంబ్రాపా అనే వ్యవసాయ పరిశోధన సంస్థను నెలకొల్పి, దాని శాస్త్రవేత్తలను పెద్ద సంఖ్యలో విదేశాలకు ఉన్నత చదువులకు పంపారు. వారు తిరిగి వచ్చి ఒక్క మందు కోసం వెతకలేదు. నేలకు సున్నం చల్లి ఆమ్లగుణం తగ్గించడం, భాస్వరం అందించడం, పగటి నిడివి తక్కువగా ఉండే ఉష్ణమండలానికి సరిపడే సోయా చిక్కుడు వంగడాలు రూపొందించడం, దున్నకుండా విత్తడం అన్నీ కలిపి ఒక పద్ధతిగా రైతు ముందు పెట్టారు. నత్రజని ఎరువు కొనే అవసరం లేకుండా వేళ్లలో ఉండే బాక్టీరియాతోనే ఆ పని చేయించవచ్చని జొహన్నా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధన దీనికి ఎంతో తోడ్పడింది. నేడు బ్రెజిల్ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సోయా ఎగుమతి చేసే దేశం. దీని మరో ముఖం కూడా చెప్పాలి. సెరాడోలో సహజ వృక్షసంపద దాదాపు సగం పోయింది. దిగుబడి పెంచే పరిశోధనకు ఇచ్చినంత ప్రాధాన్యం నీటికీ అడవికీ మొదటి నుంచీ ఇచ్చి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదని నేను నమ్ముతాను.

మీ విశ్వవిద్యాలయం గురించి రాసిన వాక్యం చదివి నాకు బాధ కలిగింది. అక్కడి ఆచార్యులకు స్థానిక పరిశ్రమల మీద ఆసక్తి లేదన్నారు. ఇది వారి స్వభావ లోపం కాదు. పదోన్నతి పరిశోధన పత్రాలను బట్టి వస్తుంది. కొలిమిలో పోతపోసిన ముక్క ఎందుకు పగులుతోందో కనిపెట్టినందుకు ఎవరికీ పదోన్నతి రాదు. అటు పరిశ్రమ యజమానికి ఆచార్యుడి భాష అర్థం కాదు, ఆరు నెలలు ఆగే ఓపికా ఉండదు. ఈ రెండు లోకాల మధ్య నిలబడటమే పూర్తికాలపు ఉద్యోగంగా ఉన్న మనుషులు కావాలి. అమెరికా ఈ సంగతిని దశలవారీగా గుర్తించింది. 1862 చట్టంతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలలకు భూములిచ్చింది. 1887లో ప్రయోగ కేంద్రాలకు నిధులిచ్చింది. అప్పటికీ రైతుకు ఏమీ చేరడం లేదని చూసి 1914లో విస్తరణ సేవల చట్టం తెచ్చింది. కళాశాల నుంచి పొలంలోకి నడిచి వెళ్లే ఉద్యోగిని పెట్టడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. మీరు అంత కాలం ఆగనవసరం లేదు.

పరిశ్రమల విషయంలో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ మంచి నమూనా. 1949లో చిన్నగా మొదలై ఇప్పుడు దేశమంతటా పదుల సంఖ్యలో పరిశోధన కేంద్రాలుగా విస్తరించింది. దాని ఖర్చులో స్థిరంగా వచ్చే ప్రభుత్వ నిధి సుమారు మూడో వంతే. మిగతాది పరిశ్రమలు ఇచ్చే పనుల ద్వారా, పోటీపడి తెచ్చుకునే ప్రాజెక్టుల ద్వారా సంపాదించుకోవాలి. ఈ నిష్పత్తిలో చాలా తెలివి ఉంది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ము మీద బతికితే పరిశ్రమ గడప తొక్కే అవసరం రాదు. పూర్తిగా ఫీజుల మీద బతకాలంటే రేపటికి పనికొచ్చే కొత్త విద్య నేర్చుకునే తీరిక ఉండదు, చిన్నవారిని పట్టించుకునే స్థోమతా ఉండదు.

ఇక పరిజ్ఞానం ఎలా వ్యాపిస్తుందన్నది. యంత్రాలతో వస్తుందని, పేటెంట్లతో వస్తుందని ప్రణాళికల్లో రాస్తారు. ఎక్కువ భాగం మనుషులతోనే వస్తుంది. 1979లో బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్ అనే సంస్థ దక్షిణ కొరియా సంస్థ దేవూతో ఒప్పందం చేసుకుని తన ఉద్యోగులు 130 మందిని శిక్షణకు అక్కడికి పంపింది. కత్తిరింపు, కుట్టు వరుస, నాణ్యత తనిఖీ, విదేశీ కొనుగోలుదారుతో వ్యవహారం అన్నీ నేర్చుకుని వచ్చారు. 1987 నాటికి వారిలో 115 మంది ఆ సంస్థను వదిలేశారు. చాలామంది సొంత కర్మాగారాలు పెట్టారు, మరికొందరు కొత్త కర్మాగారాల్లో చేరారు. శిక్షణ ఇప్పించిన యజమానికి అది దెబ్బే. దేశానికి మాత్రం ఒక పెద్ద ఎగుమతి పరిశ్రమ పుట్టుకొచ్చింది.

సిలికాన్ వ్యాలీలోనూ ఇదే జరిగింది. ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తల్లో ఒకరైన విలియం షాక్లీ దగ్గర పనిచేసే ఎనిమిది మంది 1957లో బయటికి వచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే సంస్థ మొదలుపెట్టారు. అక్కడి నుంచి వెళ్లినవారే 1968లో ఇంటెల్ పెట్టారు. ఉద్యోగం మానినవాడు పోటీ సంస్థలో చేరకూడదనే ఒప్పందాలు కాలిఫోర్నియా చట్టం ప్రకారం చెల్లవు. అందుకే ఇది సాధ్యమైంది. తైవాన్ ఈ పాఠాన్ని ప్రభుత్వ విధానంగానే మార్చుకుంది. 1973లో ఏర్పడిన ఐటీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ 1976లో అమెరికా సంస్థ ఆర్‌సీఏ నుంచి చిప్పుల తయారీ విద్య కొని, తన ఇంజనీర్లను అక్కడికి పంపి నేర్పించింది. తరువాత ఆ ఇంజనీర్లను తన దగ్గరే కట్టిపడేయలేదు. 1980లో యూఎంసీ, 1987లో మోరిస్ చాంగ్ నాయకత్వంలో టీఎస్‌ఎంసీ అనే చిప్పుల తయారీ సంస్థలు ఆ సంస్థ నుంచే పుట్టాయి. షించూ సైన్స్ పార్కు మొదలైంది 1980లో, అంటే విద్య నేర్చిన మనుషులు తయారైన తరువాత. పార్కు ముందు, మనుషులు తరువాత అనే క్రమం అక్కడ లేదు.

పార్కుల విషయానికే వస్తే, అవి వృథా అని నేను అనడం లేదు. ఉత్తర కరొలినాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు పొగాకు, వస్త్రాలు, కలప సామాను మీద ఆధారపడిన రాష్ట్రాన్ని మార్చడంలో పెద్ద పాత్ర పోషించింది. కానీ దాని చరిత్రను జాగ్రత్తగా చూడండి. దగ్గరలో అప్పటికే మూడు మంచి విశ్వవిద్యాలయాలున్నాయి. 1959లో మొదలైనా, 1965లో ఐబీఎం రావాలని నిర్ణయించుకునే దాకా మందకొడిగానే నడిచింది. అన్ని హంగులూ ఉన్న చోటే అంత కాలం పట్టింది. జపాన్ 1963లో సంకల్పించిన సుకుబా సైన్స్ నగరానికి పదుల సంఖ్యలో జాతీయ పరిశోధన సంస్థలను తరలించారు. సైన్సు గొప్పగా జరిగింది, దాని చుట్టూ కొత్త పరిశ్రమలు పుట్టడం మాత్రం చాలాకాలం ఆశించిన స్థాయిలో లేదు. ఫ్రాన్స్‌లో 1969లో మొదలైన సోఫియా ఆంటిపోలిస్ మొదటి రెండు దశాబ్దాలు ఎక్కువగా బయటి పెద్ద సంస్థల శాఖలతోనే నిండింది. పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన ఒకరితో ఒకరికి పని పడదు.

సమాచార సాంకేతికత గురించి కూడా అడిగారు. కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు సార్డీన్ చేపల వ్యాపారంలో ఏం జరిగిందో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త పరిశీలించాడు. అంతకు ముందు ఒక రేవులో చేప అమ్ముడుపోక పారబోస్తుంటే, కొద్ది దూరంలోని మరో రేవులో కొరత ఉండేది. రోజు పట్టిన చేపలో 5 నుంచి 8 శాతం వృథా అయ్యేది. పడవలో నుంచే ధర కనుక్కోవడం మొదలయ్యాక ఆ వృథా దాదాపు పోయింది, జాలరుల లాభం 8 శాతం పెరిగింది, వినియోగదారుడికి ధర 4 శాతం తగ్గింది. అయితే జాలరి చేతిలో సొంత పడవ ఉంది, అతడు ఏ రేవుకైనా వెళ్లగలడు, అందుకే ఫోను పనికొచ్చింది. అప్పు ఇచ్చిన వ్యాపారికే సరుకు అమ్మక తప్పని రైతుకు పది మార్కెట్ల ధరలు ఫోనులో చూపించినా ఉపయోగం ఉండదు. యాప్ తయారుచేయించే ముందు ఈ ఒక్క విషయం విచారించండి.

అంకుర సంస్థల మీద మీ సంఘంలో చాలా ఆశ ఉన్నట్టుంది. పెట్టుబడి కొరత నిజమైన అడ్డంకి అయినప్పుడు ప్రభుత్వ సొమ్ము బాగా పనిచేస్తుంది. ఇజ్రాయెల్ 1993లో 10 కోట్ల డాలర్లతో యోజ్మా పథకం పెట్టింది. దాని కింద ఏర్పడిన నిధుల్లో విదేశీ అనుభవజ్ఞుడైన భాగస్వామి తప్పనిసరి. ప్రభుత్వ వాటా 40 శాతానికి మించదు. లాభం కనిపిస్తే ఆ వాటాను ముందే నిర్ణయించిన లెక్క ప్రకారం ప్రైవేటు భాగస్వాములు కొనేసుకోవచ్చు. కానీ అక్కడ సోవియట్ యూనియన్ నుంచి వలస వచ్చిన ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు పెద్ద సంఖ్యలో అప్పటికే ఉన్నారు. మీ దగ్గర అలాంటి మానవ వనరులు లేనప్పుడు నిధి మాత్రమే పెడితే అది ఖర్చయిపోతుంది. కొత్త సంస్థకు పెట్టుబడి కంటే మొదటి కొనుగోలుదారు ముఖ్యమని నా అనుభవం. 1960ల మొదట్లో అమెరికాలో తయారైన ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లలో (చిప్పుల్లో) అత్యధిక భాగాన్ని కొన్నది సైన్యం, చంద్రుడి మీదికి మనుషులను పంపే అపోలో కార్యక్రమమే. మీ స్థానిక ప్రభుత్వం కూడా నీటి పంపులు, వీధి దీపాలు, ఆసుపత్రి సామగ్రి కొంటుంది. అందులో కొంత భాగాన్ని స్థానికంగా రూపొందించి, పరీక్షలో నెగ్గిన వస్తువులకు కేటాయించండి. నెగ్గనివాటిని కొనకండి, స్థానికుడే కదా అని అసలు కొనకండి.

ఉద్యోగాల లెక్కల గురించి ఒక హెచ్చరిక. ఒక ఉన్నత సాంకేతిక ఉద్యోగం వస్తే స్థానికంగా మరో అయిదు ఉద్యోగాలు పుడతాయని నివేదికల్లో రాస్తుంటారు. అది ఎన్రికో మొరెట్టి అనే ఆర్థికవేత్త అమెరికా నగరాలకు వేసిన అంచనా. జీతం అక్కడే ఖర్చుపెట్టే మనుషులు ఉన్నప్పుడే అది నిజమవుతుంది. వారాంతంలో నగరానికి వెళ్లిపోయే ఉద్యోగుల విషయంలో ఆ లెక్క పనిచేయదు.

విజయం కూడా కాపలా కోరుతుంది. చిలీలో 1976లో ఏర్పడిన ఫుందాసియోన్ చిలే అనే సంస్థ సాల్మన్ చేపల పెంపకాన్ని వాణిజ్య స్థాయిలో చేసి చూపించింది. దక్షిణ తీరం ప్రపంచంలోని పెద్ద సాల్మన్ కేంద్రాల్లో ఒకటిగా ఎదిగింది. పెంపకం బోనులు కిక్కిరిసిపోయాయి, వ్యాధుల మీద నిఘా పెరగలేదు. 2007లో సాల్మన్ చేపలకు సోకే ఐఎస్‌ఏ అనే వైరస్ పుట్టుకొచ్చి కొద్ది ఏళ్లలో అట్లాంటిక్ సాల్మన్ ఉత్పత్తి సగానికి పైగా పడిపోయింది, వేల మంది పని కోల్పోయారు. కేంద్రాల మధ్య ఎడం, విరామ కాలాలు తప్పనిసరి చేసే నిబంధనలు ఆ తరువాతే వచ్చాయి. ఉత్పత్తి పెంచే సైన్సుకు డబ్బిచ్చే రోజే, దాని వల్ల వచ్చే ముప్పును గమనించే సైన్సుకూ డబ్బు పక్కన పెట్టాలి.

ఇప్పుడు మీ సంఘం చేయగలిగింది. ముందుగా రెండు మూడు వృత్తులను మాత్రమే ఎంచుకోండి. నలుగురైదుగురు యువ ఇంజనీర్లను, రసాయన శాస్త్రం చదివినవారిని నియమించి, ఒక ఏడాది పాటు కర్మాగారాల్లో, మిల్లుల్లో తిరగమనండి. యజమానిని "మీకు ఏ సాంకేతికత కావాలి" అని అడగవద్దు, దానికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. "పోయిన ఏడాది ఏ సరుకు వెనక్కి వచ్చింది, ఎందుకు వచ్చింది, ఎంత పోయింది" అని అడగమనండి. ఒకే కారణం పది చోట్ల వినిపిస్తే అదే మీ మొదటి ప్రాజెక్టు. దాన్ని విద్యార్థుల చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇవ్వండి. పర్యవేక్షించే ఆచార్యుడికి పరిశోధన పత్రంతో సమానంగా పదోన్నతిలో గుర్తింపు వచ్చేలా విశ్వవిద్యాలయంతో రాతపూర్వకంగా ఒప్పించండి. చదివిన పిల్లలు అక్కడే ఉండిపోవడానికి ఇంతకంటే దగ్గర దారి నాకు తెలియదు. కర్మాగారంలో తన పని వల్ల తేడా వచ్చిందని చూసిన విద్యార్థికి అక్కడే ఉద్యోగం దొరకడం నేను ఎన్నోసార్లు చూశాను.

రెండో ఏడాది ఉమ్మడి పరీక్షా కేంద్రం పెట్టండి. అద్దె గదులు చాలు. కానీ అది ఇచ్చే ధ్రువపత్రాన్ని దూరాన ఉన్న కొనుగోలుదారు నమ్మాలి కాబట్టి పరీక్షా కేంద్రాల సామర్థ్యానికి అంతర్జాతీయ కొలబద్ద అయిన ఐఎస్‌ఓ 17025 ప్రమాణం ప్రకారం గుర్తింపు తెచ్చుకోవాలి. ఇక్కడే చాలా చోట్ల పని చెడుతుంది. పరికరాలకు నిధులుంటాయి, నడపడానికి ఉండవు. రసాయనాలు అయిపోతాయి, పరికరాల కొలత సరిచూసే గడువు దాటిపోతుంది, నిపుణుడు మంచి జీతానికి వెళ్లిపోతాడు, యంత్రం మీద ముసుగు కప్పేస్తారు. అందుకని పరికరం ధరతో పాటు కనీసం ఏడేళ్ల నిర్వహణ, జీతాల ఖర్చు కేటాయించకపోతే ఆ పరికరం కొననే వద్దని సంఘం తీర్మానం చేయాలి.

మూడేళ్ల తరువాత సమీక్షలో ఎన్ని ఒప్పందాల మీద సంతకాలయ్యాయి, ఎన్ని అంకుర సంస్థలు నమోదయ్యాయి అనే పట్టికలు మీ ముందుకు వస్తాయి. వాటిని పక్కన పెట్టి నాలుగు విషయాలు అడగండి: వెనక్కి వచ్చే సరుకు తగ్గిందా, అదే సరుకుకు ధర పెరిగిందా, కార్మికుల కూలి పెరిగిందా, ఒకసారి ఫీజు కట్టి పరీక్ష చేయించుకున్న పరిశ్రమ రెండోసారి తిరిగి వచ్చిందా. నాలుగో ప్రశ్నకు జవాబు బాగుంటే, స్థలం చాలడం లేదని పరిశ్రమల వారే మీ దగ్గరికి వస్తారు. సైన్స్ పార్కు కోసం ప్రభుత్వాన్ని స్థలం అడగవలసింది అప్పుడు.